గోధుమ రంగు బస్సులో ఖాళీ లేదు

మార్చి 4

ఐదు బస్సు రూట్లలో ఒకటి ఎత్తేస్తారట. ఫుల్‌స్టాప్ సార్ పొద్దున్నే గదిలోకి పిలిచి, టీలో పంచదార తక్కువైందన్నంత మామూలుగా చెప్పారు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు, గోధుమ. ఎందులో జనం తక్కువ ఎక్కుతున్నారో చూసి నెలాఖరు మీటింగులో తేలుస్తారు. ఆ లెక్కలన్నీ ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక ప్యాకేజీగా కట్టే పని నాది. ప్యాకేజీ తెరిచి రంగు పేరు అడిగితే ఆ రూటు లెక్క ముందుకు రావాలి.

"ఎవరు అడిగినా ఒకటే జవాబు రావాలి. అంతే. ఫుల్‌స్టాప్," అన్నారు. ఆయన ప్రతి మాట చివరా అదే అంటారు కాబట్టే ఆ పేరు.

గోధుమ మా మామయ్యది. రూటు ఆఫీసుదే, కానీ ఆయన మాటలు వింటే దాని దస్తావేజులు ఆయన బీరువాలో ఉన్నాయనుకోవాలి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ బస్సే నడుపుతున్నాడు. అది పోతే ఆయన్ని ఇక్కడ ఉంచరు, రైల్లో పూటంతా పట్టే ఊళ్లో డిపోకు వేస్తారు. అత్తయ్య టైలరింగ్ షాపు ఇక్కడ, అమ్మమ్మ ఇక్కడ, మేమందరం ఇక్కడ. ఆదివారాల్లో చుట్టంలా వచ్చి పోవాలి.

"గోధుమ నడిపేది మా మామయ్యే సార్. ముందే చెప్తున్నాను," అన్నాను.

"అయితే? అంకెలకు మామయ్యలుండరు. ఫుల్‌స్టాప్."

నాకుంటారు కదా.

మార్చి 6

ఐదు రూట్లకు ఐదుసార్లు అదే రాయడం నా వల్ల కాదు. లూప్ రాశాను. ఒక రూటు లెక్క చదువు, 'డబ్బా' అని పేరు పెట్టిన చోట పోసుకో, ఆ డబ్బాను రంగు పేరున్న ఫైల్లో దాచు, తర్వాతి రంగుకు పద. నాలుగంటే నాలుగు లైన్లు. నా వీపు నేనే తట్టుకున్నాను, చేతికి అందినంత మేర.

ప్యాకేజీ కట్టేటప్పుడు ఏవో ఎర్రక్షరాలు వచ్చి పోయాయి. పక్క సీట్లో చాదస్తం గారు మెడ చాపి చూశారు. ఆయన పెన్సిలు చెక్కాక కూడా పొట్టు సరిగ్గా పడిందా అని చూసే మనిషి.

"అమ్మాయ్, అదేదో హెచ్చరిక ఇస్తోంది చూడు."

"హెచ్చరికే కదండీ, ఎర్రర్ కాదుగా. చివర డన్ అంది, చూశారా?"

"మా ఆవిడ కూడా ముందు హెచ్చరికే ఇస్తుంది," అన్నారాయన.

మార్చి 7

గోధుమ నిండుగా ఉంది!

అవును, ముందు అదే తెరిచాను. ఎవరైనా అదే చేస్తారు. పొద్దున జనం, సాయంత్రం జనం, మధ్యాహ్నం రెండింటికి ఇంకా జనం. గ్రాఫులో ఆ చోట పెద్ద మిట్ట లేచింది. బస్సులో సీట్లకంటే మనుషులు ఎక్కువ, అంటే నిలబడి వెళ్తున్నారన్నమాట. నేను ఊరికే బెంగపెట్టుకున్నాను.

మిగతా నాలుగూ రేపు చూస్తాను.

మార్చి 8

ఆఫీసు సంగతులు ఇంట్లో చెప్పకూడదు. తెలుసు. అన్నాలయ్యేదాకా ఆగాను, అంతకంటే ఏం చేయను?

"మామయ్యా, నీ రూటుకు ఢోకా లేదు. మధ్యాహ్నం రెండింటికి నిలబడి వెళ్తున్నారు తెలుసా?"

ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది ఆయనకు. "రెండింటికా? ఆ ట్రిప్పులో నేను ఈగలు తోలుకుంటాను కదే అమ్మడూ."

"కార్డులు గీకిన లెక్క మామయ్యా. మెషిను ఊరికే రాస్తుందా?"

"ఆయన కళ్లు రోడ్డు మీదుంటాయి కానీ వెనకాల ఎవరున్నారో ఏం తెలుస్తుంది," అంది అత్తయ్య. "షాపులో నన్ను దాటుకుని వెళ్లి, నేనెక్కడా అని ఫోన్ చేసిన మనిషి."

మామయ్య ఆలోచనలో పడ్డాడు. తర్వాత ఆ మొహంలో మెల్లగా వెలుగు వచ్చింది. ఆ వెలుగు చూడటానికే చెప్పానేమో. అమ్మ ఆనందం పట్టలేక ఐస్‌క్రీం తెమ్మని నన్నే పంపింది.

ఇంతలో లోపలి గదిలోంచి అమ్మమ్మ, "చిన్నీ!" అని కేకేసింది. ఆమెకు ఇంట్లో అందరూ చిన్నీలే. అమ్మ చిన్ని, అత్తయ్య చిన్ని, నేను చిన్ని, ఇంత మీసమున్న మామయ్యా చిన్నే. పిలిస్తే అందరం లేవాలి. ఆఖరున ఎవరు గదిలోకి వస్తే వాళ్లే ఆమె లెక్కలో చిన్ని, ముందు వచ్చిన వాళ్లు వచ్చినట్టే గుర్తుండదు. పని ఆఖరి మనిషి నెత్తిన పడుతుందని అందరికీ తెలుసు, అందుకే మా ఇంట్లో పిలుపు వినగానే పరుగు పందెం. ఇవాళ మామయ్య సంతోషంలో మైమరచి వెనకబడ్డాడు. గంటసేపు కాళ్లు పట్టాడు, ఈల వేసుకుంటూ.

మార్చి 9

మిగతా రూట్లు సోమవారం చూస్తాను. శనివారం అంకెలు చూస్తే కళ్లకు మంచిది కాదు.

మార్చి 11

సోమవారం. సార్‌కు వేరే రిపోర్టు కావాల్సొచ్చింది. చూడలేదు.

చాదస్తం గారు నా ప్యాకేజీ తన కంప్యూటర్లో ఎక్కించుకుని పసుపు ఒక్కటి తెరిచారట. "పొల్లు పోకుండా ఉంది అమ్మాయ్, డిపో కాగితాలతో సరిపోయింది," అన్నారు. ఆయనే సరిపోయిందన్నాక ఇంక ఎవరు కాదంటారు? పసుపంటే ఆసుపత్రి, మార్కెట్టు తిరిగే రూటు. ఈ ఊళ్లో అంత రద్దీ దేనికీ లేదు.

గోధుమ మళ్లీ తెరిచి చూసుకున్నాను. ఆ మిట్ట ఎంత ముద్దుగా ఉందో.

మార్చి 12

మామయ్య ఇవాళ డిపో నుంచి ఏనుగెక్కినంత సంబరంగా వచ్చాడు. ఆకుపచ్చ రూటులో ఒక డ్రైవరు రిటైరవుతున్నాడట. గోధుమ సంగతి ఎలా తేలుతుందో తెలియదు కాబట్టి ముందుజాగ్రత్తగా ఆ సీటు తీసుకుంటావా అని డిపో మేనేజరు అడిగాడట.

"అక్కర్లేదు, వేరేవాళ్లకివ్వండి అన్నాను," అన్నాడు మామయ్య. "నా బండి కిటకిటలాడుతుంటే నేను వేరేవాడి బండెక్కడమేంటి? మా అమ్మడు చెప్పింది, ఇక తిరుగులేదన్నాను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు సగంలో ఆయన ఈగలు తోలుకుంటానన్న మాట గుర్తొచ్చింది.

ఏమీ కాదు. మెషిను లెక్క.

మార్చి 13

మామయ్య అద్దం తుడుచుకుంటున్నాడని అత్తయ్య చెప్పింది. బస్సులోని ఆ పెద్ద అద్దం, వెనక సీట్లు కనపడేది. ప్రతి ట్రిప్పుకూ తుడుస్తున్నాడట.

"రెండింటి ట్రిప్పులో ఎంత చూసినా ఎవరూ కనిపించడం లేదమ్మడూ," అన్నాడు నాతో. గొంతు తగ్గించి, అత్తయ్యకు వినపడకుండా. "నువ్వు చెప్పిన జనం ఏ వైపు కూర్చుంటారు?"

"వెనకాలేమో," అన్నాను.

వెనకాలేమో! ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

మార్చి 14

ఆఫీసులో పంటి డాక్టరని చెప్పి రెండింటి గోధుమ బస్సెక్కాను.

ఎక్కితే నేనొక్కదాన్నే. కాదు, ముందు సీట్లో ఎవరో మర్చిపోయిన గొడుగు ఉంది. ఇద్దరం వెళ్లాం. లాండ్రీ వీధి, రొట్టెల ఫ్యాక్టరీ, ఆసుపత్రి వెనక గేటు, పాత గిడ్డంగులు. ప్రతి స్టాపులోనూ మామయ్య ఆపాడు, తలుపులు తెరిచాడు, ఖాళీ ఫుట్‌పాత్‌ను మర్యాదగా చూసి మూశాడు. అద్దంలో నన్ను చూసి, జనం ఏరీ అన్నట్టు కనుబొమలెగరేశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

గిడ్డంగులు దాటాక ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, వారంగా రేపురేపంటూ తోసిన పని అప్పుడు చేశాను. పసుపు తెరిచాను. మిట్ట. నీలం తెరిచాను. అదే మిట్ట. ఎరుపు, ఆకుపచ్చ. అదే చోట, అంతే ఎత్తున. ఐదు రూట్లకూ ఒకే ఒక్క లెక్క. అది పసుపుది.

పప్పులో కాలేయడం కాదు, నిలువునా మునిగాను. ఫైళ్లకు బయట ఐదు రంగుల పేర్లు పెట్టాను. లోపల దాచిన దాని పేరు మాత్రం ఐదింట్లోనూ డబ్బాయే. ప్యాకేజీ కట్టేటప్పుడు ఒక్కో ఫైలూ తెరుచుకుంది, ఒక్కో డబ్బా వచ్చింది, వచ్చినది ముందుదాన్ని తోసేసింది. ఇంగ్లీషు అక్షరాల వరసలో యెల్లో ఆఖరిది, అదే నిలిచింది. తర్వాత ఏ రంగడిగినా ఆ డబ్బానే తెచ్చి చూపించింది. అమ్మమ్మ గదిలో ఆఖరున అడుగుపెట్టిన చిన్ని.

ఆ ఎర్రక్షరాలు చెప్పింది కూడా ఇదే. డబ్బా అనే పేరు ఒకటికి మించిన చోట్ల తయారవుతోంది, చూసుకో అని. ఇప్పుడు చదివితే ఎంత మర్యాదగా ఉందో.

ఆఖరి స్టాపులో మామయ్య ఇంజను ఆపి వచ్చి నా ముందు సీట్లో కూర్చున్నాడు. చెప్పేశాను. నీళ్లు నములుతూ, మధ్యలో ముక్కు తుడుచుకుంటూ, డబ్బాతో సహా అంతా చెప్పాను.

"అయితే ఆ నిలబడినవాళ్లు నావాళ్లు కాదా?"

"పసుపువాళ్లు మామయ్యా."

ఖాళీ బస్సును ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. తర్వాత గట్టిగా ఊపిరి వదిలాడు. "అమ్మయ్య! నా చూపు పోతోందనుకున్నానే. మనుషులు బస్సులో నిలబడితే కూడా కనపడటం లేదంటే ఇంక లైసెన్సు ఇచ్చేయాలనుకున్నాను. రేపు కళ్ల డాక్టరు దగ్గరికి చీటీ కూడా తీసుకున్నాను."

నేను నవ్వబోయి ఏడ్చాను. "ఆ ఆకుపచ్చ సీటు మళ్లీ అడుగు మామయ్యా."

"నిన్న సాయంత్రమే ఎవరికో ఇచ్చేశారు," అన్నాడు. నా నెత్తి మీద చెయ్యి వేశాడు. "పోనీలే. పద, తిరుగు ట్రిప్పు టైమైంది. కార్డు గీకావా? గీకు. ఒక్కరైనా లెక్కలోకి వస్తారు."

మార్చి 15

పొద్దున ఆఫీసు మెట్లెక్కుతూ ఒక సంగతి ఆలోచించాను. ప్యాకేజీ అలాగే వదిలేస్తే ఐదు రూట్లూ నిండుగా ఉంటాయి, దేన్నీ ఎత్తేయలేరు. మొదటి అంతస్తు వరకూ అది మంచి ఆలోచనలాగే కనిపించింది. రెండో అంతస్తులో ఫుల్‌స్టాప్ సార్ గది ఉంది.

చెప్పేశాను. గది సీలింగు ఊడి పడుతుందనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడిచారు.

"మీటింగుకు ముందు చెప్పావా, తర్వాత చెప్పావా?"

"ముందే కదా సార్."

"అయితే సరిచేయి. ఫుల్‌స్టాప్." నేను తలుపు దగ్గరికి వెళ్లాక మళ్లీ పిలిచారు. "పన్ను ఎలా ఉంది?"

"ఏ పన్ను సార్?" అన్నాను. బుర్ర పనిచేయడం మానేసి చాలాసేపైంది.

మార్చి 18

సరిచేయడం కూడా ఒక్కసారికి కాలేదు. రంగు పేరు లూపులో మారుతూ ఉంటుంది కదా, దాన్ని 'పేరు' అనే చోట పట్టుకున్నాను. డబ్బాకు బదులు ఆ 'పేరు'ను దాచమన్నాను. ఫైలు తెరిస్తే లోపల లెక్కల్లేవు. 'గోధుమ' అని ఒక్క మాట ఉంది. నేను అడిగింది అదే మరి, దాన్ని తిట్టి లాభం లేదు.

అప్పుడు చాదస్తం గారు కుర్చీ లాక్కుని వచ్చారు. ఇద్దరం కూర్చుని సహాయం పేజీ మొదటి నుంచి చివరి దాకా చదివాం. ఆయన కామాలతో సహా చదివారు. పని రెండు లైన్లదే. ముందు అసైన్ అనే ఆజ్ఞతో డబ్బాలోని లెక్కకు ఆ రంగు పేరు తగిలించాలి. తర్వాత దాచే ఆజ్ఞ సేవ్‌లో లిస్ట్ అనే చోట పేరును ఇవ్వాలి. అప్పుడది ఆ మాటను కాక, ఆ పేరుగల లెక్కను వెతికి పట్టుకుని దాస్తుంది. ఎవరి పేరుతో వాళ్లు లోపలికి వెళ్తారు, ఎవరి పేరు పిలిస్తే వాళ్లే బయటికి వస్తారు.

కట్టాను. ఒక్క ఎర్రక్షరం రాలేదు.

"అమ్మాయ్, ఈసారి ఏమీ అనడం లేదే," అన్నారు చాదస్తం గారు, కొంచెం దిగులుగా.

మార్చి 19

గోధుమ ఆఖరు. దగ్గర్లో కూడా ఇంకెవరూ లేరు.

మార్చి 20

ఇంట్లో ఎవరూ నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది. అమ్మ నా కంచంలో ఎక్కువ వడ్డించింది, అత్తయ్య నా పాత జాకెట్టుకు అడక్కుండానే గుండీలు కుట్టింది. మామయ్య ఆ ఊళ్లో అద్దెలు ఎలా ఉంటాయని ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు, నన్ను చూసి క్రికెట్ స్కోరు అడుగుతున్నట్టు మాట మార్చాడు. అవతలి మనిషి ఏమనుకున్నాడో పాపం.

అమ్మమ్మ "చిన్నీ" అంది. ఎవరూ పరిగెత్తలేదు. అందరం ఒకేసారి నెమ్మదిగా వెళ్లాం. ఆమె కంగారుపడి, "ఎవరికేమైందే?" అంది.

మార్చి 21

ఇవాళ ఐదు రూట్లనూ ఒకే కాగితం మీద గీశాను. రోజు మొత్తం కలిపి కాకుండా, ట్రిప్పు ట్రిప్పుగా. ఇంతకుముందు ఇది గీసినా ఒక్క గీతే కనిపించేది. మిగతా నాలుగూ పసుపు కింద దాక్కునేవి.

తెల్లవారుజాము ట్రిప్పుల దగ్గర నాలుగు గీతలు నేలకు అంటుకుని ఉన్నాయి. ఒక్కటి లేచి ఉంది. గోధుమ రంగు గీత.

కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చున్నాను. ఆ గంటలో గోధుమకున్న జనం పసుపుకు లేరు. కార్డులు చూస్తే ప్రతిరోజూ దాదాపు అవే కార్డులు. లాండ్రీ దగ్గర కొందరు, రొట్టెల ఫ్యాక్టరీ దగ్గర ఒక గుంపు, ఎక్కువమంది ఆసుపత్రి వెనక గేటు దగ్గర దిగుతారు. ఊరు లేవకముందే పనిలో ఉండాల్సినవాళ్లు. ఆ వీధుల్లోంచి ఆ టైముకు వేరే ఏ రంగు బస్సూ లేదు.

సాయంత్రం మామయ్యను అడిగాను. "పొద్దుటి ట్రిప్పులో ఇంతమంది ఉంటారని ఎప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు రెండింటి ట్రిప్పు గురించే అడిగావు కదే," అన్నాడు. "పైగా నేనెంతమందని చెప్తే నీ మెషిను వింటుందా?"

మార్చి 22

సార్‌కు చూపించాను. కాగితాన్ని దగ్గరగా, దూరంగా, మళ్లీ దగ్గరగా పెట్టి చూశారు.

"ఇది మీ మామయ్య కోసం గీశావా?"

"గీసింది మామయ్య కోసమే సార్. అంకెలు మాత్రం అందరివీ. చాదస్తం గారు రెండుసార్లు సరిచూశారు." ఆ పేరు పైకి అనేశాను! నాలుక కరుచుకున్నాను.

"ఆయన సరిచూశాడంటే చాలు," అన్నారు సార్. ఆ పేరు ఆయనకూ తెలుసన్నమాట.

మార్చి 29

మీటింగు. కమిటీకి అధ్యక్షురాలైన పెద్దావిడ మొత్తం అంకెలు చూసి, "గోధుమే తక్కువ కదా, ఇంక చర్చ ఎందుకు?" అన్నారు. సార్ నా వైపు చూశారు. లేచి నిలబడి చెప్పాను. మొత్తం చూస్తే గోధుమే ఆఖరని ముందు నేనే ఒప్పుకున్నాను. తర్వాత తెల్లవారుజాము ట్రిప్పుల కాగితం పెట్టాను. ఈ గీత తీసేస్తే ఆసుపత్రిలో దుప్పట్లు ఎవరు మారుస్తారు, మీ టేబుల్ మీద రొట్టె ఎవరు కాలుస్తారు అన్నాను. రెండోది ప్రాక్టీసు చేయలేదు, దానంతటదే వచ్చింది.

ఆవిడ కాగితం దగ్గరికి లాక్కున్నారు. "అయితే మధ్యాహ్నం ఈ బస్సుకు పనేమీ లేదు?"

"లేదండీ," అన్నాను. అబద్ధమాడే ఓపిక ఎప్పుడో అయిపోయింది.

"పసుపులో మధ్యాహ్నం నిలబడి వెళ్తున్నారు. ఈ బస్సును ఆ పూట అక్కడికి పంపండి. పొద్దున, సాయంత్రం దాని రూటులోనే ఉండనీయండి. ఏ రూటూ ఎత్తేయక్కర్లేదు."

"ఫుల్‌స్టాప్," అన్నారు సార్, చాలా మెల్లగా.

మామయ్యకు ఫోన్ చేస్తే బండి నడుపుతున్నాడు, ఎత్తలేదు. అత్తయ్యకు చెప్పాను. అవతల కుట్టుమిషను ఆగిన చప్పుడు వినపడింది. తర్వాత ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను, ఆఫీసు మెట్ల మీద, పోయేవాళ్లు చూస్తుండగా. నాకేం సిగ్గనిపించలేదు.

ఏప్రిల్ 1

మామయ్య మొదటి రోజు మధ్యాహ్నం పసుపు రూటులో వెళ్లాడు. సాయంత్రం వచ్చి చెప్పులు కూడా విప్పకుండా నన్ను పిలిచాడు.

"అమ్మడూ! రెండింటికి నిలబడటానికి చోటు లేదే! అద్దంలో తలకాయలు తప్ప ఏం కనపడలేదు. నీ గ్రాఫులో ఉన్నట్టే, అచ్చం అలాగే."

ఏనుగెక్కినంత సంబరం మళ్లీ ఆ మొహంలో. నాకు అంతకంటే ఏం కావాలి?

అప్పుడు అత్తయ్య లోపల్నుంచి, "మిగతాది కూడా చెప్పండి," అంది.

మామయ్య మీసం సవరించుకున్నాడు. "ఏముంది, చిన్న సంగతి. మార్కెట్టు దగ్గర సగంమంది చెయ్యెత్తారు, దగ్గరికొచ్చాక ఎక్కకుండా వెనక్కి వెళ్లిపోయారు. ఎక్కినవాళ్లలో ఒక పెద్దాయన ఆసుపత్రి దగ్గర, 'లాండ్రీ వీధి ఎప్పుడొస్తుంది?' అని నిలదీశాడు. రాదు, ఇది పసుపు బండి అన్నాను. కిందికి దిగి చూడవయ్యా అన్నాడు."

"దిగావా?"

"దిగాను." అప్పుడు వంగి చెప్పులు విప్పాడు. "ముందు బోర్డు మార్చడం మర్చిపోయాను. లోపలంతా పసుపు జనం, పైన మాత్రం గోధుమ అని ఉంది."

అమ్మ నవ్వింది, అత్తయ్య నవ్వింది, ఏమీ అర్థం కాకపోయినా అమ్మమ్మ కూడా నవ్వింది. నేనొక్కదాన్నే నవ్వలేదు. ఆయన పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను.

"హెచ్చరిక ఏదైనా వచ్చిందా మామయ్యా?"

"డిపో గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు," అన్నాడు తల దించుకుని. "నాకు తెలుసులే అన్నాను."